అయిదిళ్ళ మిషను

కాజాలక్క మనుషుల్ని నమ్మదు. ఆ మాట ఆవిడే చెప్పుకుంటుంది, అదేదో పెద్ద చదువు చదివినట్టు. దర్జీల వరసలో మాస్టర్లు చొక్కాల మూటతో పాటు గుండీల పొట్లం ఇస్తే, దాన్ని వాళ్ళ బల్ల మీదే బోర్లించి, వాళ్ళ కళ్ళముందే లెక్కపెట్టి, మళ్ళీ పొట్లం కట్టుకుని గానీ మెట్లు దిగదు. ఒకసారి ఒక మాస్టరు ఉడుక్కున్నాడు.

"ఇరవై ఏళ్ళ నుంచీ ఇస్తున్నాను కదక్కా, ఒక్క గుండీ అయినా తక్కువిచ్చానా?"

"ఇరవై ఏళ్ళ నుంచీ లెక్కపెడుతున్నాను కాబట్టే ఇవ్వలేదు" అందావిడ.

చొక్కా కుట్టడం ఒకరి పని అయితే, గుండీ దూరే చీలిక చుట్టూ దారంతో అంచు కట్టడం ఇంకొకరి పని. ఆ చీలికనే కాజా అంటారు. పన్నెండేళ్ళ వయసులో వాళ్ళ అమ్మ పక్కన కూర్చుని సూది పట్టింది మొదలు ఆవిడ కట్టిన కాజాలకు లెక్క లేదు. పేరు ఉండే ఉంటుంది గానీ వీధిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. పెద్దలకీ పిన్నలకీ ఆవిడ కాజాలక్కే. స్కూలు వ్యాను నడిపే మొగుడు కూడా ముద్దొచ్చినప్పుడు అలాగే పిలుస్తాడు. ఆయన ఇంటికి రాగానే చొక్కా విప్పి ఆవిడ చేతికే ఇచ్చేస్తాడు. "ముందు తడుముకో తల్లీ, తరవాత మంచినీళ్ళిద్దువు గాని" అంటాడు. ఆవిడ సిగ్గుపడకుండా జేబు తడుముతుంది.

ఈ గుణం ఊరికే రాలేదు. ఆవిడ చిన్నప్పుడు ఇంటింటికీ సైకిలు మీద ఒక మనిషి వచ్చేవాడు. రోజుకింత అని రేకు డబ్బాలో వేయించుకుని, ఏడాది తిరిగేసరికి పైన కొంత కలిపి ఇస్తానన్నాడు. పదకొండు నెలలు వచ్చాడు. ఎంత నవ్వుమొహమో. పన్నెండో నెలలో రాలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళు, వీధిలో సైకిలు గంట మోగితే చాలు, అమ్మ చేతిలో సూది వదిలేసి గుమ్మంలోకి వెళ్ళేది. అమ్మ అలా వెళ్ళి చూడడం, ఏమీ అనకుండా వచ్చి కూర్చోవడం చూస్తూ పెరిగిన పిల్లకి ఇంకో స్వభావం ఎలా వస్తుంది?

అలాంటి మనిషి ఉన్న వీధిలోకి, పేదరికం పోగొడతామంటూ ఒక కంపెనీ వచ్చింది. ఆడవాళ్ళకి చిన్న చిన్న అప్పులిస్తారట, తాకట్టు అక్కర్లేదట, ఏభై వారాల్లో తీర్చుకోవచ్చట. అప్పటిదాకా ఆ వీధికి తెలిసిన అప్పు ఒక్కటే, రోజువడ్డీ మనిషి ఇచ్చేది. ఆయన పొద్దున ఇచ్చి సాయంత్రానికే మొహం మార్చేసేవాడు. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు మాత్రం ఇస్త్రీ చొక్కాతో, మెడలో కార్డుతో, ప్రతి మంగళవారం ఠంచనుగా ఎనిమిదింటికి దిగేవాడు. అందుకే ఆడవాళ్ళు అతనికి మంగళవారం సారు అని పేరు పెట్టారు. మొదటి రోజే కాజాలక్క అతన్ని గుమ్మంలో నిలబెట్టి నిలదీసింది.

"తాకట్టు ఏమీ లేదా?"

"లేదక్కా."

"మరి పూచీ ఎవరు?"

"మీకు మీరే. అయిదుగురు కలిసి గ్రూపు కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ వేసుకుని కట్టాలి. డబ్బు మొత్తం పోగయ్యేదాకా చాప మీంచి ఎవరూ లేవకూడదు."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "అంటే మమ్మల్ని మాకే కాపలా పెడుతున్నావన్నమాట. జీతం లేని కాపలా."

అతను నవ్వేశాడు. ఆ నవ్వు కూడా ఆవిడకి నచ్చలేదు. డబ్బాల మనిషి కూడా అలాగే నవ్వేవాడు.

అయినా చేరింది. చేరక తప్పలేదు. దర్జీల వరసలో ఒక మాస్టరు కాజాలు వేసే మిషను కొన్నాడు. ఆవిడ వేళ్ళు పూటంతా చేసే పనిని అది గంటలో చేసి పారేసింది. ఆవిడకొచ్చే మూటలు సగానికి పడిపోయాయి. తనకూ ఒక మిషను ఉంటే తప్ప బతుకు గడవదని తెలిసిపోయింది. అందుకని అనుమానాన్ని మూట కట్టి పక్కన పెట్టి, కాదు, పక్కన పెట్టలేదు, చంకలో పెట్టుకునే వెళ్ళి సంతకం పెట్టింది.

గ్రూపులో మిగతా నలుగురూ ఆ సందులోవాళ్ళే. చాప పరిచే ఇల్లు లీడర్ పిన్నిది. స్కూల్లో పనిచేసే ఆయా ఒకతె. అట్టపెట్టెలు మడిచే ఇంటి చిన్నకోడలు ఒకతె. ఎదురింటి ఇస్త్రీ వదిన అయిదో మనిషి.

ఇక్కడే వచ్చింది చిక్కు. అప్పు వ్యాపారానికే వాడాలి. డబ్బు ముట్టిన పదిహేను రోజుల్లో ఏం కొన్నారో చూపించి, దాని పక్కన నిలబడి ఫోటో దిగాలి. అయిదుగురిలో ఒక్కరిది లేకపోయినా గ్రూపు మొత్తం రద్దు. కాజాలక్క పాత కాజా మిషనొకటి బేరమాడి కొంది, రసీదు తన పేరు మీదే రాయించుకుంది. మిగతావాళ్ళ సంగతి వేరు. లీడర్ పిన్ని కారే కప్పుకి రేకులు వేయించింది. ఆయా కొడుకు ఫీజు కట్టింది. చిన్నకోడలు మావగారి కంటికి ఆపరేషన్ చేయించింది. ఇస్త్రీ వదిన రోజువడ్డీ మనిషి బాకీ మొత్తం ఒక్క దెబ్బకి తీర్చి అతని పీడ వదిలించుకుంది. పేదరికం తగ్గడానికి ఇవన్నీ పనికొచ్చేవే. ఫోటోకి మాత్రం పనికిరావు.

మంగళవారం సారు తల పట్టుకున్నాడు. అతనికీ నెలకిన్ని గ్రూపులు కట్టాలని లెక్క ఉంది మరి. చివరికి గొంతు తగ్గించి, "మిషను ఒకటుంది కదా. వెనక గోడ మారితే చాలు" అన్నాడు.

అలా కాజాలక్క మిషను తలని బల్లలోంచి ఊడదీసి, దుప్పట్లో చుట్టి, ఇంటింటికీ మోశారు. ఒక కొస చిన్నకోడలు పట్టుకుంటే రెండో కొస కాజాలక్కే పట్టుకుంది. నాలుగిళ్ళు తిరిగినా ఆ కొస వదల్లేదు. అంతటితో ఆగితే ఆవిడ కాజాలక్క ఎందుకవుతుంది? మిషను ఇల్లు కదిలే ముందే సూది ఊడదీసి, కింది దారం ఉండే బాబిన్ కేసుతో పాటు రుమాల్లో ముడివేసి బొడ్లో దోపుకుంది. ఎవరైనా మాయ చేసి ఉంచేసుకున్నా ఒక్క కుట్టు పడకూడదని. నాలుగు ఫోటోల్లో నలుగురు ఆడవాళ్ళు సూది లేని మిషను మీద చెయ్యేసి నవ్వారు. ఎవరూ గమనించలేదు. ఆ ఫోటోల్లో ఒకటి కంపెనీ వాళ్ళ రంగుల కాగితం మీద కూడా వచ్చిందని తరవాత తెలిసింది. మిషనుతో బతుకు మార్చుకున్న మహిళ అట. ఆ మహిళ ఇస్త్రీ వదిన.

దాదాపు ఏడాది గడిచింది. నిజం చెప్పాలంటే బాగానే గడిచింది. మిషను అంటూ తన చేతి కింద ఉంటే ఏమవుతుందో కాజాలక్కకి మూడు నెలల్లో తెలిసింది. మూటలు మళ్ళీ వచ్చాయి, పక్క వరస మాస్టర్లు కూడా పంపారు. రోజువడ్డీ మనిషి ఆ సందు వైపు రావడం మానేశాడు. ఇంకో రెండు కంపెనీలు దిగి, గోడల నిండా బొమ్మలు వేసి, బుధవారం ఒకరు, శుక్రవారం ఒకరు చాపలు పరిపించుకున్నారు. కాజాలక్క మాత్రం అందరినీ ఓ కంట కనిపెడుతూనే ఉంది. ఆయా కొత్త చెప్పులు వేసుకుంటే వాటి ఖరీదు అంచనా కట్టింది. చిన్నకోడలు పుట్టింటికి వెళ్తే ఎన్ని సంచులు పట్టుకెళ్ళిందో లెక్కపెట్టింది. వాళ్ళు మునిగితే తనూ మునుగుతుంది కదా!

అందరికంటే ఎక్కువగా కాచింది ఇస్త్రీ వదినని. ఆరేళ్ళుగా ఎదురిల్లు. ఎన్నడూ ఒక పైసా చేబదులు అడగలేదు. అదే కాజాలక్కకి మింగుడుపడేది కాదు. ఎప్పుడూ అడగని మనిషి ఒక్కసారే పెద్దది అడుగుతుందని ఆవిడ లెక్క.

నలభై ఏడో వారం దగ్గరపడింది. ఆ మంగళవారం పెద్ద ఆఫీసు నుంచి పైసారు స్వయంగా వచ్చి, గ్రూపు సజావుగా ఉందని చూసుకుని, రెండో అప్పుకి కాగితాలు రాస్తాడని కబురు. ఆ రెండో అప్పు మీద కాజాలక్క ప్రాణాలు పెట్టుకుంది. దర్జీల వరసలో మెట్ల కింద గూడు లాంటి కొట్టు ఒకటి ఖాళీ అయింది. మనిషి నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే సరిపోతుంది. కాజాలు వేసేది కూర్చునే కదా. అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చే శనివారం గడువు. ఆ లోపల ఇవ్వకపోతే జిప్పులు బాగుచేసే బాబాయికి ఇచ్చేస్తానని కొట్టు యజమాని మొహమాటం లేకుండా చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా మూటలు మోసుకుంటూ ఆ మెట్లెక్కి దిగిన మనిషికి, ఆ మెట్ల కిందే తనదంటూ ఒక చోటు.

సరిగ్గా అప్పుడే ఇస్త్రీ వదిన తీరు మారింది. రెండు వారాలుగా జనం ఇచ్చిన బట్టలు తిప్పి పంపేస్తోంది. శనివారం ఆమె ఇస్త్రీ బండిని ఎవరో తోసుకుపోయారు. ఆదివారం ఆమె కూతురు పెట్టె ఒకటి మోసుకుంటూ బస్సెక్కడం కాజాలక్క కళ్ళారా చూసింది. ఇంకేం కావాలి? ఎగ్గొట్టి పోవడానికి మూట సర్దుకుంటోందని తేల్చేసుకుంది.

సోమవారం మధ్యాహ్నం కాజాలక్క మిషను తొక్కుతూ ఉండగా తలుపు తట్టిన చప్పుడైంది.

"వదినా! ఓ వదినా, ఒక్క నిమిషం."

కిటికీ సందులోంచి చూసింది. ఇస్త్రీ వదిన. భుజాన సంచీ, నున్నగా దువ్విన తల, కాళ్ళకి మంచి జోళ్ళు. ఇంకేముంది, అనుకుంది కాజాలక్క. రేపటి వాయిదాకి చేబదులు అడగడానికి వచ్చింది, ఇస్తే అదీ పట్టుకుని అటునుంచటే పోతుంది. కాలు మిషను మీంచి తీసేసి, చక్రం చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. తలుపు ఇంకో రెండుసార్లు తట్టింది వదిన. కాసేపు నిలబడింది. తరవాత జోళ్ళ చప్పుడు సందు చివరికి వెళ్ళిపోయింది.

మంగళవారం ఎనిమిదింటికి చాప మీద నలుగురే కూర్చున్నారు. ఎదురింటికి తాళం. పైసారు కుర్చీలో, మంగళవారం సారు గోడకి ఆనుకుని. తొమ్మిదైంది, పదైంది. ఆయా స్కూలుకి ఆలస్యమవుతోందని ఏడుపు మొహం పెట్టింది. ఎవరూ లేవడానికి లేదు.

"నిన్న ఆవిడని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" పైసారు అడిగాడు.

"నేను మా అమ్మాయి ఇంటికెళ్ళానండీ, పొద్దున్నే వచ్చాను" అంది లీడర్ పిన్ని. మిగతా ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. కాజాలక్క కూడా ఊపింది.

ఊపి ఊరుకోలేదు. "ఇంకెక్కడి వదినండీ, పారిపోయింది. బండి అమ్మేసింది, పిల్లని ముందే పంపించేసింది" అంది. ఆ మాట ముందుగా అన్నది ఆవిడే.

పైసారు ఏమీ కంగారుపడలేదు. చేతిలోని పలక లాంటి ఫోను తెరిచాడు. "పోతే పోయింది. మిషను ఉంది కదా ఆవిడకి. ఇదిగో ఫోటో. అంత బరువు మోసుకుని పోయి ఉండదు. ఇంటివాళ్ళని పిలిచి తాళం తీయించి చూద్దాం. లేకపోతే ఈ సందులో ఎవరింట్లో దాచిందో వెతుకుదాం. గుర్తుపట్టడం తేలికే, పక్కన రంగు లేచిపోయింది చూడండి."

కాజాలక్క తన ఇంటి వైపు చూసింది. ఆ రంగు లేచిన మచ్చ ఇప్పుడు తన ఇంట్లో, తన బల్ల మీద ఉంది. వీళ్ళు వస్తారు, చూస్తారు, ఇస్త్రీ వదిన మిషను ఇక్కడ దాచారంటారు, ఎత్తుకుపోతారు. మంగళవారం సారు కళ్ళతోనే వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. ఆవిడకి ఆ సైగ కూడా కుట్రలాగే కనిపించింది. అందరూ కలిసి తన మిషను పట్టుకుపోవడానికే చూస్తున్నారు!

"అది నాది!" అంటూ లేచి నిలబడింది. "ఆ ఫోటోలో ఉన్నది నా మిషను. రసీదు నా పేరు మీద ఉంది."

"మీ మిషను ఆవిడ ఇంట్లోకి ఎలా వచ్చిందమ్మా?"

"ఫోటోకి తీసుకెళ్ళారు. కావాలంటే సరిగ్గా చూడండి, దానికి సూది ఉండదు. నేనే పీకి దాచుకున్నాను. సూది లేని మిషను ఏం చేసుకుంటుంది ఆవిడ?"

పైసారు ఫోటోని పెద్దది చేసి చూశాడు. నిజంగానే సూది లేదు. వేలితో తోసి లీడర్ పిన్ని ఫోటో తెరిచాడు. అక్కడా సూది లేదు, పక్కన రంగు లేచిన మచ్చ ఉంది. ఆయాది తెరిచాడు. చిన్నకోడలిది తెరిచాడు. మంగళవారం సారు మెడలో కార్డుని చొక్కా లోపలికి తోసుకున్నాడు. అప్పటికి గానీ తను ఏం చేసిందో కాజాలక్కకి తట్టలేదు. నోరు జారిన మాటని వెనక్కి తీసుకోవడానికి నోరు తెరిచింది గానీ, అప్పటికి పైసారు తన పెన్ను తీసేశాడు.

నలుగురూ అప్పుని చెప్పిన పనికి వాడలేదని రాసుకున్నాడు. కాజాలక్క తెలిసి తెలిసి వస్తువు అరువిచ్చి, ఆ ఫోటోల కింద సాక్షి సంతకాలు కూడా పెట్టిందని రాసుకున్నాడు. గ్రూపు రద్దు, రెండో అప్పు లేదు, మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారే ఈ వారంలోనే కట్టేయాలి. లీడర్ పిన్ని నెత్తిన చేతులు పెట్టుకుంది. "నీ మిషను నువ్వు కాపాడుకున్నావు, మా పొట్ట కొట్టావు" అంది చిన్నకోడలు. ఆ పిల్ల ఎన్నడూ కాజాలక్క ముందు గొంతెత్తి ఎరగదు.

పదకొండున్నరకి ఇస్త్రీ వదిన రొప్పుకుంటూ వచ్చింది. ఒంటి మీద కొత్త నీలం రంగు కోటు, జేబు మీద ఏదో ఆసుపత్రి ముద్ర.

"బస్సు దొరకలేదండీ, క్షమించాలి" అంటూ సంచీలోంచి కాగితపు కవరు తీసి పైసారు ముందు పెట్టింది. "మిగిలిన నాలుగు వారాలదీ కలిపే తెచ్చాను. ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది, ఊరికి అటు చివర. ఇల్లు మారిపోతున్నాను, బాకీ పెట్టుకుని పోతే వీళ్ళ రెండో అప్పు ఆగిపోతుంది కదా. నిన్ననే ఇచ్చిపోదామని వచ్చాను. పిన్ని ఇంటికి తాళం. డబ్బు విషయంలో ఈ ఎదురింటి వదినకంటే జాగ్రత్త మనిషి ఎవరున్నారని ఈవిడ ఇంటికెళ్ళాను. తలుపు తీయలేదు. ఇవాళ పనిలో చేరిన మొదటి రోజే బతిమాలుకుని వచ్చాను, సగం జీతం కోత."

చెప్పుకుపోతున్నదల్లా ఆగి అందరి మొహాలూ చూసింది. "ఏమైంది?"

ఆయా చెప్పింది, ముక్కలు ముక్కలుగా. అంతా విని వదిన కాజాలక్క వైపు తిరిగింది.

"వదినా, నిన్న ఇంట్లోనే ఉన్నావా?"

లేనని చెప్పొచ్చు. మొగుడితో, మాస్టర్లతో అలాంటివి ఎన్ని చెప్పలేదు? అయినా కాజాలక్క "ఉన్నాను" అంది. "చేబదులుకి వచ్చావనుకున్నాను."

"ఆరేళ్ళలో ఎప్పుడైనా అడిగానా?"

"అడగలేదు."

సిగ్గుతో ఆవిడ తల నేలకి దిగిపోయింది. ఇస్త్రీ వదిన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండునని కాజాలక్క ఆ తరవాత ఎన్నోసార్లు అనుకుంది. వదిన రసీదు తీసుకుని, మడిచి సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ వారం చివర సామాను తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు కాజాలక్క గుమ్మంలోకి కూడా వచ్చింది. "వెళ్ళొస్తాను వదినా. నా సంగతి వదిలెయ్, నువ్వు నన్ను నమ్మకపోవడం నాకు అలవాటే. ఆ ముగ్గురి దగ్గరికీ ఒకసారి వెళ్ళు. ఆ కుర్రాడి ఉద్యోగం కూడా పోయిందట" అని చెప్పి వెళ్ళింది.

కాజాలక్క వెళ్ళింది కూడా. లీడర్ పిన్ని కిటికీ రెక్క మూసేసింది. ఆయా కూర్చోమంది గానీ కుర్చీ జరపలేదు. చిన్నకోడలు అట్టలు మడుస్తూనే ఉంది, తల ఎత్తలేదు. వాళ్ళ మిగిలిన వాయిదాల కోసం రోజువడ్డీ మనిషి మళ్ళీ ఆ సందులో బండి ఆపడం మొదలుపెట్టాడు. మెట్ల కింద గూట్లో జిప్పుల బాబాయి కూర్చున్నాడు. కాజాలక్క మూటలు మోసుకుంటూ ఆయన తల మీదుగానే మెట్లెక్కుతోంది.

ఆరు నెలలకి ఇంకో కొత్త కంపెనీ వచ్చింది. ఈసారి అప్పు కాగితాలు రాయడానికి ఒక అమ్మాయి ఇల్లిల్లూ తిరిగింది. కాజాలక్క ఇంట్లో మిషను చూసి ఆ పిల్ల మొహం వెలిగింది.

"మిషను మీ సొంతమేనా? మీలాంటివాళ్ళకే మేము ఇచ్చేది. ఇదే వీధిలో మీకు పూచీ ఉండే నలుగురి పేర్లు చెప్పండి, రాసేసుకుంటాను."

కాజాలక్క ఎదురింటి గుమ్మం వైపు చూసింది. "ఒక్క మనిషి ఉంది" అంది. "ఇప్పుడు వెళ్ళి అడిగినా సంతకం పెడుతుంది."

"ఈ వీధిలోనేనా?"

"కాదమ్మా. ఈ వీధిలో ఉన్నన్నాళ్ళూ నేనే ఆవిడని నమ్మలేదు."

ఒక్క మనిషి పూచీకి ఫారం నింపకూడదు. ఆ పిల్ల పెన్ను మూసి, కాగితాలు సంచీలో సర్దుకుని పక్కింటికి వెళ్ళింది.